పేకాటలో పెంచడం, సరిపెట్టడం, పడేయడం: ఒక నిర్ణయం చరిత్ర

14.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• పందెపు ఆటలో ఆటగాడి ముందుండే మూడు నిర్ణయాలను, వాటి వెనక ఉన్న లెక్కను వివరించగలుగుతారు.
• నైజాం కాలం నుంచి 2025 వరకు పేకాటపై వచ్చిన చట్టాలను, తీర్పులను కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• ‘నైపుణ్యమా, అదృష్టమా’ అన్న ప్రశ్న సామాజిక చరిత్రకు ఎందుకు చాలదో చర్చించగలుగుతారు.

14.1 ఉపోద్ఘాతం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో పేకముక్క అంటే తెలియని ఊరు అరుదు. పెళ్లింట తెల్లవార్లూ మేలుకోవడానికి ఆడతారు, పండగ సెలవుల్లో చెట్టు కింద ఆడతారు. ఆటను ఆటగా ఆడేవారే ఎక్కువ. పందెం కట్టినప్పుడు మాత్రం ఆట స్వభావం మారిపోతుంది. అప్పుడు ముక్కలు ఎలా పడ్డాయన్న దానికన్నా, పడిన ముక్కలు చూసి ఆటగాడు ఏం చేశాడన్నదే ముఖ్యమవుతుంది.

అతనికి మూడే దారులుంటాయి. పందెం పెంచవచ్చు. ఎదుటివాడు కట్టినంత తానూ కట్టి సరిపెట్టవచ్చు. లేదా ఇంతవరకు పెట్టింది పోయినా సరే అని ముక్కలు పడేయవచ్చు. పోకర్ ఆడేవారు వీటిని రైజ్, కాల్, ఫోల్డ్ అంటారు. మూడు ముక్కలాటలో చివరిదాన్ని ప్యాక్ అంటారు. రమ్మీలో అదే డ్రాప్. పేర్లు ఏవైనా ప్రశ్న ఒక్కటే: సగం తెలిసి సగం తెలియని స్థితిలో, చేతిలో ఉన్న డబ్బును ఎంతవరకు ఒడ్డవచ్చు?

ఈ ప్రశ్న చరిత్ర విద్యార్థికి ఎందుకని మీరు అడగవచ్చు. దీని చుట్టూ గణితంలో ఒక శాఖ పుట్టింది, చట్టంలో ఒక వివాదం నూరేళ్లకు పైగా నడిచింది. ఎన్నో కుటుంబాల బతుకులు తారుమారయ్యాయి. ఈ మూడింటినీ కలిపి చూడటమే ఈ పాఠం ఉద్దేశం.

14.2 పందెం: ప్రాచీన నేపథ్యం

మన సాహిత్యంలో పందెం కథల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది మహాభారతం సభాపర్వంలోని జూదం. నన్నయ దాన్ని తెలుగు చేశాడు. శకుని మోసం గురించి అందరూ మాట్లాడతారు. మన పాఠానికి కావలసింది ధర్మరాజు చేసిన పని. సంపద పోయింది, రాజ్యం పోయింది, తమ్ముళ్లు పోయారు, తాను పోయాడు. అయినా ఆట మధ్యలో లేవలేదు. ఓడిన ప్రతిసారీ పందెం పెంచాడు. పోయినదాన్ని తిరిగి రాబట్టాలన్న ఆశే ప్రతి కొత్త పందేనికీ కారణమైంది. పడేయడం తెలియనివాడి కథగా కూడా ఆ ఘట్టాన్ని చదవవచ్చు.

పాలకుల చూపు వేరు. కౌటిల్యుని అర్థశాస్త్రం జూదాన్ని పూర్తిగా నిషేధించలేదు. దానికొక అధ్యక్షుణ్ణి నియమించి, ఒకేచోట ఆడించి, గెలుపులో నూటికి ఐదు వంతులు రాజ్యానికి వసూలు చేయమంది. జూదాన్ని అణచాలా, అదుపులో పెట్టి ఆదాయం పొందాలా అన్న పాలకుల డోలాయమానం అప్పటినుంచీ ఉన్నదే.

మన ప్రాంతానికి వస్తే, ఓరుగల్లు నగర జీవితాన్ని వర్ణించిన ‘క్రీడాభిరామము’లో కోడిపందేలు, పొట్టేళ్ల పోట్లాటలు కనిపిస్తాయి. పల్నాటి వీరుల కథలో కోడిపందెం ఓటమి రాజ్యం విడిచి వెళ్లడానికి దారితీస్తుంది. ఆటలను, జూదాలను సామాజిక చరిత్రకు ఆధారాలుగా వాడుకోవచ్చని తెలుగులో గట్టిగా చూపిన గ్రంథం సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. 1949లో వెలువడిన ఆ గ్రంథం రాజుల వరుసలను పక్కనపెట్టి ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అని అడిగింది.

14.3 ముక్కలు వచ్చిన దారి

పేకముక్కలకు మన దేశంలో రెండు దారులున్నాయి. ఒకటి మొగలుల కాలంలో వ్యాపించిన గంజీఫా. చేత్తో రంగులు వేసిన గుండ్రటి ముక్కలవి. తెలంగాణలో నిర్మల్ చిత్రకారులు వాటిని తయారుచేసేవారు. రెండోది ఐరోపా వర్తకులతో వచ్చిన 52 ముక్కల పేక. ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను అని మనం నేటికీ వాడే పేర్లలోనే ఆ విదేశీ వాసన ఉంది.

పోకర్ 19వ శతాబ్దపు తొలి దశకాల్లో అమెరికాలో, న్యూ ఆర్లియన్స్ చుట్టుపక్కల, మిసిసిపీ నది పడవల మీద రూపుదిద్దుకుంది. మన మూడు ముక్కలాటకు దగ్గరి చుట్టం బ్రిటిష్ వారి బ్రాగ్. ఈ రెండు ఆటల్లోనూ ముక్కలు మార్చుకునే నేర్పు తక్కువ, పందెం నడిపే నేర్పు ఎక్కువ. రమ్మీలో దీనికి భిన్నంగా ఏ ముక్క ఎత్తాలి, ఏది పారేయాలి అన్నదే ప్రధానం. ఈ తేడాను గుర్తుంచుకోండి. 14.5లో న్యాయస్థానం తీర్పు దీనిమీదే నిలబడింది.

14.4 మూడు నిర్ణయాల లెక్క

14.4.1 సరిపెట్టడం

ఆట మధ్యలో 300 రూపాయలు ఉన్నాయనుకోండి. ఎదుటివాడు 100 కట్టాడు. ఇప్పుడు మధ్యలో 400. మీరు సరిపెట్టాలంటే 100 కట్టాలి, అప్పుడు మొత్తం 500 అవుతుంది. అంటే 500 కోసం మీరు 100 పెడుతున్నారు. ఐదుసార్లలో కనీసం ఒకసారి గెలిచే అవకాశం ఉంటేనే, అంటే 20 శాతం ఉంటేనే, ఈ ఖర్చు గిట్టుబాటు.

పోకర్‌లో ఒకే రంగు ముక్కలు ఐదు కూడాలి. మీకు నాలుగు కూడాయి, ఇంకా ఒక్క ముక్కే తెరవాలి. మీకు కనిపించని ముక్కలు 46. వాటిలో మీకు పనికొచ్చేవి 9. 46లో 9 అంటే 19.6 శాతం. కావలసినది 20, ఉన్నది 19.6. కాబట్టి పడేయడమే లెక్కకు సరైనది. ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఇంతకుముందు మీరు ఆ 300లో ఎంత పెట్టారన్నది ఈ లెక్కలో ఎక్కడా రాలేదు. పెట్టిన డబ్బు మధ్యలోకి వెళ్లిన క్షణం నుంచి మీది కాదు. ‘ఇంత పెట్టాం కదా’ అన్న మాటకు గణితంలో చోటు లేదు.

14.4.2 పడేయడం

మన జిల్లాల్లో ఎక్కువమందికి తెలిసిన ఉదాహరణ రమ్మీ డ్రాప్. వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో ముక్కలు చూసి మొదటే పడేస్తే 20 పాయింట్లు, మధ్యలో పడేస్తే 40, చివరిదాకా ఆడి ఓడితే చేతిలోని ముక్కల విలువ, గరిష్ఠంగా 80. మీ చేతికి వచ్చిన ముక్కలతో గెలిస్తే సగటున 40 వస్తాయని, ఓడితే సగటున 40 పోతాయని అనుకుందాం. నాలుగుసార్లు ఆడి ఒకసారి గెలిస్తే 40 వచ్చి 120 పోతాయి, నికర నష్టం 80. నాలుగుసార్లూ మొదటే పడేస్తే పోయేదీ 80. రెండూ సమానం. కాబట్టి గెలిచే అవకాశం నాలుగింట ఒకటికి తగ్గితే డ్రాప్ మేలు, మించితే ఆడటం మేలు.

పడేయడం ఓటమి కాదని ఈ లెక్క చెబుతుంది. అది పెద్ద నష్టాన్ని చిన్న నష్టంతో కొనేయడం. ఆచరణలో కష్టం ఎక్కడంటే, పడేసిన 20 కళ్ల ముందు కనిపిస్తుంది, తప్పిపోయిన 80 కనిపించదు.

14.4.3 పెంచడం

మంచి ముక్కలు వచ్చినప్పుడే పందెం పెంచేవాణ్ణి రెండు రోజుల్లో అందరూ కనిపెడతారు. అతను పెంచగానే అందరూ పడేస్తారు. అతనికి మంచి ముక్కలు వచ్చినా ఏమీ మిగలదు. కాబట్టి అప్పుడప్పుడు చెడ్డ ముక్కలతోనూ పెంచక తప్పదు. లోకం దీన్ని బుకాయింపు అనుకుంటుంది. అందులో ఒక కచ్చితమైన పాళ్లు ఉందని చూపినవారు గణితజ్ఞులు.

ఫ్రాన్సులో ఎమీల్ బొరెల్ 1920ల్లో ఈ దిశగా ఆలోచించాడు. హంగరీలో పుట్టిన జాన్ వాన్ నాయ్‌మన్ 1928లో రాసిన పరిశోధనా పత్రంలో, ఇద్దరు ఆడే, ఒకరి లాభం మరొకరి నష్టమయ్యే ఆటలకు సరైన వ్యూహం ఉంటుందని నిరూపించాడు. 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన గ్రంథంలో పోకర్‌కు, బుకాయింపుకు ప్రత్యేకంగా స్థానమిచ్చాడు. క్రీడా సిద్ధాంతం అనే శాస్త్రం అలా నిలదొక్కుకుంది. తరవాత అర్థశాస్త్రానికి, యుద్ధ వ్యూహానికి, వేలం పాటలకు అది పునాది అయింది.

చిన్న ఉదాహరణ చూడండి. మధ్యలో 100 ఉంది, మీరు 100 కట్టారు. ఎదుటివాడు సరిపెడితే 300 కోసం 100 పెట్టినట్టు. అతనికి మూడింట ఒకసారి గెలిస్తే చాలు. కాబట్టి ఆట ముగింపులో మీరు ఇలా కట్టిన పందేల్లో మూడింట ఒకటి బుకాయింపు, రెండు నిజం అయితే, అతను సరిపెట్టినా పడేసినా ఫలితం ఒకటే. అంతకన్నా ఎక్కువ బుకాయిస్తే అతను సరిపెడుతూ పోతాడు, తక్కువ బుకాయిస్తే పడేస్తూ పోతాడు. 2017లో లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం నలుగురు వృత్తి ఆటగాళ్లను ఓడించింది. ముఖం, కంటిచూపు లేని యంత్రం గెలిచిందంటే అది ఈ పాళ్లను తప్పకుండా పాటించినందువల్లే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) మధ్యలో 150 ఉండగా ఎదుటివాడు 50 కట్టాడు. సరిపెట్టడానికి కనీసం ఎంత శాతం గెలుపు అవకాశం కావాలి?
(ఆ) ఇంతకుముందు కట్టిన డబ్బును లెక్కలోకి ఎందుకు తీసుకోకూడదు?

14.5 న్యాయస్థానం ముందు పేకముక్క

బ్రిటిష్ ఇండియాలో 1867లో బహిరంగ జూద నిరోధక చట్టం వచ్చింది. నైజాం రాజ్యం దాని పరిధిలో లేదు. ఇక్కడ ఫసలీ 1305లో వేరే జూద చట్టం చేశారు. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, అంటే సుమారు 1895. అప్పట్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనూ, మహబూబాబాద్ వరంగల్ జిల్లాలోనూ ఉండేవి. నేటి మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. 1948లో నైజాం పాలన పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అయినా తెలంగాణలో ఆ ఫసలీ చట్టమే నడిచింది. కేవలం నైపుణ్యంతో ఆడే ఆటకు చట్టం వర్తించదని అందులో ఒక మినహాయింపు ఉంది. తరవాతి వివాదమంతా ఆ మినహాయింపు చుట్టూనే.

1957లో చమర్‌బాగ్‌వాలా కేసుల్లో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. జూదం రాజ్యాంగం రక్షించే వ్యాపారం కాదు. నైపుణ్యం ప్రధానమైన పోటీ జూదం కాదు.

1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేశారు. డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని, క్లబ్ నిర్వాహకులను ఫసలీ 1305 చట్టం కింద ప్రాసిక్యూట్ చేశారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా చెప్పిన తీర్పు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ పేరుతో, నేటికీ ప్రతి రమ్మీ కేసులో వినిపిస్తుంది.

తీర్పు సారం ఇది. రమ్మీలో పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యపు ఆట. ఫ్లష్, బ్రాగ్ వంటి పేర్లతో ఆడే మూడు ముక్కలాట మాత్రం కేవలం అదృష్టపు ఆట. అయితే ఆట మీద క్లబ్ లాభం గుంజుతున్నా, పక్క పందేలు నడుస్తున్నా నేరం కావచ్చని కూడా కోర్టు హెచ్చరించింది. క్లబ్బులు మొదటి మాటను గోడకు తగిలించుకుని చివరి మాటను మరిచిపోయాయి.

14.4లో నేర్చుకున్నదాన్ని ఈ తీర్పు పక్కన పెట్టి చూడండి. మూడు ముక్కలాటలో 22,100 రకాల చేతులు సాధ్యం. వాటిలో 16,440 చేతుల్లో, అంటే 74 శాతానికి పైగా, జత కూడా ఉండదు. ముక్కలు పడటం ముమ్మాటికీ అదృష్టమే. కానీ ఆ ముక్కలతో చాల్ చేయాలా, ప్యాక్ కావాలా అన్నది అదృష్టం కాదు. కోర్టు నైపుణ్యాన్ని ముక్కల అమరికలో వెతికింది, పందెం నడపడంలో వెతకలేదు. పోకర్ విషయంలో న్యాయస్థానాలు భిన్నంగా మాట్లాడటానికి కారణం ఇదే. 2017లో గుజరాత్ హైకోర్టు పోకర్‌ను జూదంగా చూసింది. 2023లో మద్రాసు హైకోర్టు రమ్మీ, పోకర్ రెండూ నైపుణ్యపు ఆటలేనంది.

శాసనసభలు మరో దారి పట్టాయి. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఫసలీ చట్టం స్థానంలో వచ్చినా, నైపుణ్యపు ఆటల మినహాయింపును ఉంచింది. ఫోన్‌లో రమ్మీ వచ్చాక పరిస్థితి మారింది. తెలంగాణ 2017లో ఆ చట్టాన్ని సవరించి, నైపుణ్యపు ఆట అయినా సరే, డబ్బు ఒడ్డితే జూదమే అంది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ ఆటలను చట్టం కిందికి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఫసలీ 1305 నాటి మినహాయింపు చుట్టూ తిరిగిన ప్రశ్నను చట్టం చివరికి పక్కన పెట్టేసింది.

14.6 నైపుణ్యం కాపాడదు: చేతిలోని డబ్బు లెక్క

ఆ ప్రశ్నను పక్కన పెట్టడం సబబేనా? దీనికి గణితమే ఒక జవాబు ఇస్తుంది. 17వ శతాబ్దంలో పాస్కల్, హైగెన్స్ ఆలోచించిన సమస్య ఇది. ఇద్దరు సమాన నైపుణ్యంతో, మోసం లేకుండా, ప్రతిసారీ ఒకే మొత్తం పందెం కట్టి, ఒకరి దగ్గర డబ్బంతా అయిపోయేదాకా ఆడితే ఎవరు మిగులుతారు?

జవాబు సులువే. ఒకడి దగ్గర 5,000, మరొకడి దగ్గర 45,000 ఉంటే, 5,000 ఉన్నవాడు అంతా పోగొట్టుకునే అవకాశం 90 శాతం. ఆట న్యాయంగా ఉన్నా ఇంతే. పేదవాడికి నాలుగు చెడ్డ చేతులు వరుసగా వస్తే ఆట ముగుస్తుంది. డబ్బున్నవాడికి అవే నాలుగు చేతులు కాసేపటి ఇబ్బంది మాత్రమే. ఆట జరిపేవాడు ప్రతి చేతిలోనూ తన వాటా తీసుకుంటే ఇద్దరి డబ్బూ కరిగి అతని పెట్టెలోకి చేరుతుంది. ఫోన్‌లోనైతే మీకు ఎదురుగా ఒక్కడు కాదు, అంతులేని వరుస ఉంటుంది. ఒకడు లేస్తే మరొకడు కూర్చుంటాడు. అటువంటి ఆటలో ఆపకుండా ఆడేవాడు, ఎంత సమానంగా ఆడినా, ఒకనాటికి ఖాళీ చేతులతో లేవక తప్పదు.

ఈ లెక్కను మన ప్రాంతానికి అన్వయించండి. జనగామ మార్కెట్లో పత్తి అమ్మిన రైతు చేతికి, మహబూబాబాద్ వైపు మిర్చి రైతు చేతికి ఏడాదిలో ఒకేసారి డబ్బు వస్తుంది. భూపాలపల్లి సింగరేణి కార్మికుడికి దసరా వేళ లాభాల వాటా వస్తుంది. ఆ డబ్బు చూడటానికి పెద్దది. అందులో విత్తనాల అప్పు ఉంది, పిల్లల ఫీజు ఉంది, ఇంటి బియ్యం ఉంది. నిజంగా ఒడ్డగలిగింది దాదాపు సున్నా. ఆ మనిషి లెక్కలో ఎంత గట్టివాడైనా, అతని డబ్బు ఓడిపోవడానికి వీల్లేని డబ్బు. ఓడిపోవడానికి వీల్లేని డబ్బుతో ఆడేవాడికి సమయానికి పడేసే ధైర్యం ఉండదు. పోయింది రాబట్టాలని సరిపెడతాడు, అప్పు తెచ్చి పెంచుతాడు. ఆ అప్పు తీర్చేది తరచుగా ఆట ముఖం చూడని ఇల్లాలు, ఆమె మెడలోని బంగారం. చట్టం ప్రకారం నేరస్థుల జాబితాలో ఆమె లేదు, నష్టపోయినవారి జాబితాలో మొదటి పేరు ఆమెదే.

అందువల్ల ‘ఇందులో నైపుణ్యం ఎంత?’ అన్న ప్రశ్న కన్నా ‘ఈ నష్టాన్ని ఎవరు భరిస్తారు?’ అన్న ప్రశ్న సామాజిక చరిత్రకారుడికి ముఖ్యం. నిషేధంతో అంతా సరిపోతుందని మాత్రం తొందరపడి తేల్చకండి. మూసిన తలుపుల వెనక నడిచే ఆటకు ఏ నియమమూ ఉండదు, మోసపోయినవాడు ఫిర్యాదు చేయలేడు. అణచడం, అదుపు చేయడం అన్న కౌటిల్యుని కాలపు సందిగ్ధం ఇంకా తీరలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) 1967 తీర్పు రమ్మీకి, మూడు ముక్కలాటకు మధ్య చూపిన తేడా ఏమిటి?
(ఆ) ఒకరి దగ్గర 2,000, మరొకరి దగ్గర 8,000 ఉంటే, సమానమైన ఆటలో మొదటివాడు అంతా పోగొట్టుకునే అవకాశం ఎంత?

14.7 ఆట బయట అదే నిర్ణయం

జనగామ మెట్ట ప్రాంతంలో చెరువు ఎండిన చోట రైతు బోరు వేస్తాడు. నీళ్లు పడవు. రెండోది వేస్తాడు. మూడోదానికి అప్పు దొరుకుతుంది. ‘రెండు వేశాం కదా, ఇంకొక్కటి’ అంటాడు. 14.4.1లో చూసిన మాటే ఇది. పడని రెండు బోర్ల ఖర్చు మూడో బోరులో నీళ్లు తేదు. కానీ రైతును జూదరితో పోల్చి తప్పుపట్టడం అన్యాయం. జూదరి ఇంటికి వెళ్లిపోవచ్చు, రైతుకు ఎండుతున్న పంటే ఇల్లు. అతనికి భూగర్భ జలం గురించి సమాచారం లేదు, పడేసి బతికే దారి లేదు. పడేయగలిగే స్థితి కూడా ఒక ఆస్తి. అది అందరికీ సమానంగా లేదు. ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన వాక్యాల్లో ఇదొకటి.

14.8 సారాంశం

పందెపు ఆటలో పెంచడం, సరిపెట్టడం, పడేయడం అనే మూడు నిర్ణయాలకు లెక్క ఉంది. ఆ లెక్కలో గతంలో పెట్టిన ఖర్చుకు చోటు లేదు. బొరెల్, వాన్ నాయ్‌మన్ ఈ లెక్క నుంచి క్రీడా సిద్ధాంతాన్ని నిర్మించారు. ఫసలీ 1305 చట్టం, 1967 తీర్పు, 1974 చట్టం నైపుణ్యానికి, అదృష్టానికి మధ్య గీత గీశాయి. 2017 సవరణ, 2025 చట్టం ఆ గీతను చెరిపేశాయి. సమాన నైపుణ్యమున్నా తక్కువ డబ్బున్నవాడే ముందుగా ఖాళీ అవుతాడన్నది ఈ మార్పును అర్థం చేసుకోవడానికి తాళంచెవి.

14.9 ప్రగతి ప్రశ్నల సమాధానాలు

1 (అ) మొత్తం 250 కోసం 50, అంటే 20 శాతం. (ఆ) ఆ డబ్బు ఇప్పుడు ఏ నిర్ణయం తీసుకున్నా ఆటగాడిది కాదు కనుక.
2 (అ) రమ్మీలో ముక్కలు గుర్తుంచుకుని ఉంచుకోవడం, పారేయడం ప్రధానం కనుక నైపుణ్యపు ఆట. మూడు ముక్కలాట కేవలం అదృష్టం. (ఆ) 80 శాతం.

14.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. హైదరాబాద్ రాజ్యం నుంచి తెలంగాణ రాష్ట్రం వరకు జూద చట్టాల పరిణామాన్ని వివరించండి.
2. ‘పడేయగలిగే స్థితి కూడా ఒక ఆస్తి.’ మీ ఊరి అనుభవాల ఆధారంగా చర్చించండి. వ్యక్తుల పేర్లు రాయకండి.

II. 15 పంక్తులలో సమాధానం రాయండి.
1. పందెపు ఆటలో బుకాయింపు ఎందుకు తప్పనిసరి?
2. సత్యనారాయణ కేసు తీర్పును, మూడు ముక్కలాటలోని పందెం నిర్ణయాలతో పోల్చి విమర్శించండి.